మూడు వైపులా ప్రేక్షకులు: థ్రస్ట్ వేదిక మీద వాదం ఎందాకా వచ్చింది

థ్రస్ట్ వేదిక అంటే ప్రేక్షకుల మధ్యకు చొచ్చుకొచ్చిన రంగస్థలం. వెనక ఒక గోడో తెరో ఉంటుంది, నటులు వచ్చిపోవడానికి దారులు ఉంటాయి. తక్కిన మూడు వైపులా జనమే. ప్రొసీనియం రంగస్థలంలో నటుడు ఒక చట్రం లోపల ఉంటాడు, అందరూ అతన్ని ఒకే దిక్కు నుంచి చూస్తారు. ఎరీనాలో నాలుగు వైపులా ప్రేక్షకులే కాబట్టి అక్కడ వెనకవైపు అనేదే లేదు. ఈ రెంటికీ నడుమ ఉన్నది థ్రస్ట్. దీని హద్దులు కచ్చితమైనవి కావు. ప్రేక్షకులు అర్ధవృత్తం దాటి కమ్ముకుంటేనే థ్రస్ట్ అనాలని కొందరు అంటారు. విసనకర్రలా విచ్చుకున్నా చాలునని మరికొందరు అంటారు. లండన్ నేషనల్ థియేటర్‌లోని ఒలీవియర్ హాలును ఒక పుస్తకం థ్రస్ట్ అని, మరో పుస్తకం ఓపెన్ స్టేజి అని పిలవడం ఇందుకే.

డెబ్బై ఏళ్లకు పైగా సాగుతున్న ఈ వాదం చిక్కుపడడానికి కారణం మూడు వేరు వేరు ప్రశ్నలు ఒకటిగా కలిసిపోవడం. పూర్వం నాటకాలు ఎలా ఆడారు అన్నది మొదటిది. ఎలా ఆడితే ప్రేక్షకుడికి మేలు అన్నది రెండోది. నటుడు, దర్శకుడు, లైట్లు అమర్చే మనిషి ఈ వేదికను ఎలా నిభాయించుకోవాలన్నది మూడోది. మొదటి ప్రశ్నకు దొరికిన జవాబును రెండోదానికి రుజువుగా చూపిస్తారు. మూడో ప్రశ్నలో ఎదురైన కష్టాన్ని రెండోదానికి ఖండనగా వాడతారు. వీటిని విడదీసి చూస్తే వివాదంలో సగం సర్దుకుంటుంది. మిగిలిన సగం మాత్రం నిజమైన విభేదమే.

పాత వేదికలు, వాటి సాక్ష్యం

థ్రస్ట్‌ను సమర్థించేవారు ముందుగా గ్రీకుల దగ్గరికి వెళతారు. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో కట్టిన ఎపిడారస్ రంగశాలలో నేలమీద సుమారు 20 మీటర్ల వ్యాసంతో గుండ్రని ఆవరణ ఉంది. దాన్ని సగానికి మించి చుట్టుకుని రాతి మెట్లు పైకి లేస్తాయి. బృందగానం చేసేవారు ఆ ఆవరణలోనే ఆడిపాడారు. ఇది మూడువైపుల వేదికకు తాత లాంటిదనడం తప్పు కాదు. అయితే వేల మంది ఆరుబయట, పగటి వెలుగులో, ముఖాలకు ముసుగులు వేసుకున్న నటులను చూసిన అనుభవం వేరు, ఈనాటి హాలు వేరు. ఆకారం ఒకటే అయినంత మాత్రాన అనుభవం ఒకటి కాదు.

వాదంలో ఎక్కువగా వినిపించేది ఎలిజబెత్ కాలపు లండన్. జేమ్స్ బర్బేజ్ 1576లో షోర్‌డిచ్‌లో 'ది థియేటర్' కట్టించాడు. 1599లో గ్లోబ్ వచ్చింది. 1613లో నాటకం ఆడుతుండగా పేల్చిన ఫిరంగి నిప్పు పైకప్పుకు అంటుకుని అది తగలబడింది, మరుసటి ఏడు తిరిగి లేచింది. గ్లోబ్ నక్షా ఏదీ దక్కలేదు. దక్కిన సాక్ష్యాల్లో అన్నిటికన్నా గట్టిది 1600లో ఫార్చ్యూన్ నాటకశాల కట్టడానికి రాసుకున్న ఒప్పందం. దాని ప్రకారం వేదిక వెడల్పు 43 అడుగులు, అది 55 అడుగుల చదరపు ముంగిలి నడిమి దాకా రావాలి. థ్రస్ట్ అన్న మాటకు ఇంతకన్నా స్పష్టమైన నిర్వచనం అక్కర్లేదు. కానీ 1989లో రోజ్ నాటకశాల పునాదులు బయటపడినప్పుడు కనిపించిన వేదిక లోతు తక్కువది, ముందుకు వచ్చే కొద్దీ సన్నబడేది. కర్టెన్ నాటకశాల గుండ్రంది కాదు, దీర్ఘచతురస్రపు కట్టడమని 2016 తవ్వకాల్లో తేలింది. 1596లో స్వాన్ నాటకశాల చూసిన డచ్చి యాత్రికుడు డి విట్ గీసిన బొమ్మకు మిత్రుడు తీసుకున్న నకలు ఒక్కటే మిగిలింది. అందులో వేదిక వెనక పైఅంతస్తులో కూర్చున్న మనుషులు కనిపిస్తారు. వాళ్లు ప్రేక్షకులే అయితే నాటకం చుట్టూ నాలుగు వైపులా జనం ఉన్నట్టే. కాబట్టి షేక్‌స్పియర్ వేదిక అని ఒకే నమూనా చూపించడం చరిత్ర ఒప్పుకోని పని. ఆ కాలపు నటుడు తన చుట్టూ ఉన్న జనాన్ని ఎరిగి ఆడాడన్నంత వరకే గట్టిగా చెప్పవచ్చు.

జపాను నో వేదిక సుమారు 18 అడుగుల చదరం. ప్రేక్షకులు ఎదుట, ఒక పక్కన కూర్చుంటారు. ముసుగు వేసుకున్న నటుడికి చూపు సరిగా ఆనదు కనుక ముందు మూలనున్న స్తంభాన్ని గురుతుగా పెట్టుకుని అడుగులు వేస్తాడు. ఆ స్తంభం కొందరి చూపుకు అడ్డమే. అయినా ఎవరూ దాన్ని తీసేయలేదు. చూపుకు అడ్డం రావడం అనేది అన్ని సంప్రదాయాల్లో నేరంగా లెక్కకు రాలేదన్న సంగతి ఈ వాదంలో తరచు మరుగున పడుతుంది.

భారతీయ సాక్ష్యం రెండు దిక్కులా లాగుతుంది. నాట్యశాస్త్రం రెండో అధ్యాయం వికృష్టం (దీర్ఘచతురస్రం), చతురస్రం (చదరం), త్ర్యస్రం (త్రిభుజం) అని నాట్యమండపాలను మూడు రకాలు చేసింది. 64 హస్తాల పొడవు, 32 హస్తాల వెడల్పు గల మధ్యమ వికృష్టాన్ని మానవులకు తగినదిగా చెప్పి, అందులో సగం ప్రేక్షకులకు, సగం రంగానికి, నేపథ్యానికి కేటాయించింది. ఈ పంపకాన్ని చూస్తే ఎదురెదురుగా కూర్చుని చూసే పద్ధతే తోస్తుంది. రంగపీఠానికి పక్కలనుండే మత్తవారణి అంటే ఏమిటి, ఎంత ఎత్తు, ఎక్కడ మొదలవుతుంది అన్న విషయంలో పండితులకు నేటికీ ఏకాభిప్రాయం లేదు కాబట్టి, పక్కల నుంచి చూసే వీలుందా అన్నది తేలలేదు. అయితే మండపం మరీ పెద్దదైతే మాట వినపడదని, ముఖంలోని భావం కనపడదని ఆ గ్రంథం చేసిన హెచ్చరిక మాత్రం స్పష్టం. ఇరవయ్యో శతాబ్దంలో థ్రస్ట్ పక్షం ఎత్తుకున్న ప్రధాన వాదం సరిగ్గా అదే. కేరళలో సంస్కృత నాటకమైన కూడియాట్టం ఆడే కూత్తంబలాలలో మిళావులనే వాద్యాలు వెనక, స్తంభాల కింద చదరపు వేదిక మధ్యలో, ప్రేక్షకులు ఎదుటా పక్కలా ఉంటారు.

తెలుగునాట వీధినాటకం, కూచిపూడి భాగవతం, చిందు భాగవతం ఆడిన తీరు కూడా ఇదే. ఊరి నడుమనో గుడి ముందో నేల చదును చేస్తే అదే రంగస్థలం. వెనక మద్దెల, తాళం, వంతపాట. మూడు వైపులా ఊరు. దివిటీల వెలుగు నటుడితో పాటు ఎదుటి వరుసల ముఖాల మీదా పడేది. ఇద్దరు పట్టుకునే తెర ఒక్కటే అక్కడి సామగ్రి. భామాకలాపంలో సత్యభామ ఆ తెర మీదుగా జడ వేసి నిలవడం, ప్రవేశ దరువు పాడుతూ చుట్టూ తిరిగి అందరికీ ముఖం చూపడం, సూత్రధారుడు ఒకవైపు పాత్రతో మాట్లాడుతూనే మరోవైపు జనంతో మాట్లాడడం, ఇవన్నీ మూడువైపుల రంగానికి పుట్టిన ఎత్తుగడలు. ఇవి అలంకారాలు కావు. ఏ దిక్కున కూర్చున్నవాడికీ అన్యాయం జరగకుండా చూసే పంపకం.

చట్రం బిగుసుకున్న తీరు

పార్మా నగరంలో 1618లో కట్టిన ఫర్నీజ్ నాటకశాల శాశ్వతమైన ప్రొసీనియం తోరణం ఉన్న తొలి కట్టడాల్లో ఒకటి. చట్రం వెనక దృశ్యాలు మార్చవచ్చు, యంత్రాలు దాచవచ్చు, దూరదృశ్యపు భ్రమ కల్పించవచ్చు. అయినా నటుడు వెంటనే లోపలికి వెళ్లిపోలేదు. ఇంగ్లండులో 17వ శతాబ్ది చివరి దాకా తోరణానికి ముందు విశాలమైన వేదిక ఉండేది, నటులు అక్కడికి వచ్చే మాట్లాడేవారు. డ్రూరీ లేన్‌లో సీట్లు పెంచడానికి ఆ ముందుభాగాన్ని కోసేశారు. దానివల్ల గొంతు, ముఖం రెండూ ప్రేక్షకుడికి దూరమయ్యాయని నటుడు కాలీ సిబర్ 1740లో అచ్చయిన తన స్వీయచరిత్రలో వాపోయాడు. ఈ వాదంలో నటుడి వైపు నుంచి వచ్చిన తొలి ఫిర్యాదుల్లో అదొకటి.

1880లో లండన్ హేమార్కెట్ నాటకశాలలో బాంక్రాఫ్ట్ దంపతులు వేదిక చుట్టూ నాలుగు వైపులా బంగారు పూత చట్రం బిగించారు. నాటకం పటంలో బొమ్మ అయింది. అదే 1880లో ధార్వాడ నాటక సమాజం కోస్తా ఆంధ్రలో పర్యటించింది, రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత 'వ్యవహార ధర్మబోధిని' ఆడించాడు. తెలుగులో ఆధునిక రంగస్థలం ఆ ఘట్టంతో మొదలైందని చెప్పుకుంటాం. అంటే చట్రం లండన్‌లో పూర్తిగా బిగుసుకున్న ఏడాదే తెలుగు నాటకం చట్రంలోకి అడుగుపెట్టింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైన వనారస కుటుంబాల సమాజం ఆ చట్రాన్ని ఒక కళగా పండించింది. బొమ్మ తెరలు, పక్క తెరలు, తీగల మీద తేలే పాత్రలు, క్షణంలో మాయమయ్యే దృశ్యాలు. సురభి 'మాయాబజార్' చూసినవారెవరూ చట్రం నాటకానికి శత్రువని అనలేరు. ఆ మాయలు పక్క నుంచి చూస్తే పండవు, చట్రం ఉంది కాబట్టే పండాయి.

గత్రీ, వాన, గుడారం

చట్రం మీద తిరుగుబాటును లండన్‌లో దర్శకుడు విలియం పోయెల్ మొదలుపెట్టాడు. 1881లోనే 'హామ్లెట్' తొలి అచ్చు ప్రతి (క్వార్టో) పాఠాన్ని దృశ్యాలంకరణ లేకుండా ఆడించాడు. 1890ల్లో ఎలిజబెతన్ స్టేజ్ సొసైటీ పెట్టాడు. పోయెల్ ధ్యేయం పునరుద్ధరణ. పాత నాటకాన్ని పాత వేదిక మీద చూడాలన్నంతవరకే అతని పట్టుదల. దాన్ని సమకాలీన ప్రేక్షకుడి ప్రశ్నగా మార్చినవాడు దర్శకుడు టైరోన్ గత్రీ.

1937లో లారెన్స్ ఒలీవియర్ హామ్లెట్‌గా, గత్రీ దర్శకత్వంలో, డెన్మార్క్ ఎల్సినోర్ కోట ఆవరణలో ప్రదర్శన ఏర్పాటైంది. జోరున వాన పట్టుకుంది. నాటకాన్ని హోటల్ హాలులోకి మార్చి, మధ్యలో చోటు వదిలి చుట్టూ కుర్చీలు వేసి ఆడారు. అక్కడ కుదిరిన దగ్గరితనం గత్రీని వదల్లేదు. 1948లో ఎడిన్‌బరోలోని అసెంబ్లీ హాలులో పాత స్కాటిష్ నాటకం 'త్రీ ఎస్టేట్స్'ను జనం మధ్యన వేదిక వేసి ఆడించాడు. 1953 జులైలో కెనడాలోని స్ట్రాట్‌ఫర్డ్‌లో పెద్ద గుడారం కింద, టాన్యా మొయిసెవిచ్ రూపొందించిన వేదిక మీద, అలెక్ గినెస్ రిచర్డ్‌గా 'మూడో రిచర్డ్' ఆడింది. 1957లో గుడారం చోట పక్కా కట్టడం లేచింది, వేదిక మాత్రం అదే. 1962లో ఇంగ్లండులో చిచెస్టర్, 1963లో మినియాపోలిస్‌లో గత్రీ పేరిటే వెలసిన నాటకశాల, 1971లో షెఫీల్డ్‌లో క్రూసిబుల్ ఆ బాటనే వచ్చాయి.

గత్రీ పేరు మారుమోగినంతగా మొయిసెవిచ్ పేరు వినపడదు. ఇది సరిదిద్దవలసిన లోటు. స్ట్రాట్‌ఫర్డ్ వేదిక సిద్ధాంతం వల్ల నిలబడలేదు, ఆమె వేసిన మెట్ల వల్ల నిలబడింది. వేదిక చుట్టూ దిగే మెట్లు, వెనక స్తంభాల మీద నిలిచిన చిన్న బాల్కనీ, ప్రేక్షకుల కింది నుంచి వేదిక మూలలకు వచ్చే సొరంగాలు. వీటివల్ల నటులు వేర్వేరు ఎత్తుల్లో నిలబడి ఒకరి భుజం మీదుగా మరొకరు కనిపించగలిగారు. మినియాపోలిస్, షెఫీల్డ్ వేదికల రూపకల్పనలోనూ ఆమె చెయ్యి ఉంది.

ఎవరి వాదం ఏమిటి

గత్రీ పక్షం రెండు మాటలు చెబుతుంది. ఒకటి, నాటకం భ్రమ కాదు, క్రతువు. ఎదుటివైపు కూర్చున్న తోటి ప్రేక్షకుడి ముఖం కనిపిస్తుంటే తాము ఒక ఊరిలా కూడి ఒక పని చేస్తున్నామన్న ఎరుక జనంలో నిలుస్తుంది. రెండోది లెక్కకు అందేది. చుట్టూ కూర్చుంటే ఎక్కువమంది దగ్గరగా కూర్చోగలరు. స్ట్రాట్‌ఫర్డ్‌లో సుమారు 1,800 సీట్లు ఉన్నా ఏ సీటూ వేదికకు 65 అడుగులు దాటి ఉండదు. ఇంగ్లండు స్ట్రాట్‌ఫర్డ్‌లో 1932 నాటి ప్రొసీనియం హాలును థ్రస్ట్‌గా మార్చి 2010లో తెరిచినప్పుడు అత్యంత దూరపు సీటు 27 మీటర్ల నుంచి 15 మీటర్లకు దగ్గరైంది. మొదటి మాట నమ్మకం, దానితో ఏకీభవించవచ్చు, మానవచ్చు. రెండోది రేఖాగణితం, దాన్ని కాదనడానికి లేదు.

పునరుద్ధరణవాదులు పోయెల్ వారసులు. నటుడు శామ్ వానమేకర్ పట్టుదలతో 1997లో లండన్ నది ఒడ్డున తెరుచుకున్న గ్లోబ్ వీరి పెద్ద విజయం. పగటి వెలుగు, నిలబడి చూసే జనం, చూపుకు అడ్డొచ్చే రెండు స్తంభాలు అన్నీ అక్కడ ఉన్నాయి. గత్రీ పక్షానికి, వీరికి మధ్య తేడాను చాలామంది గమనించరు. గత్రీకి థ్రస్ట్ ఏ నాటకానికైనా పనికొచ్చే ఈనాటి సాధనం. వీరికి అది ఒక పాత నాటకాన్ని అర్థం చేసుకునే ప్రయోగశాల. మొదటివారు చూపుకు అడ్డమొచ్చేదాన్ని తొలగిస్తారు, రెండోవారు నిలబెడతారు.

చట్రాన్ని సమర్థించేవారి వాదాన్ని పాతకాలపు మొండితనంగా కొట్టిపారేయడం అన్యాయం. దృశ్యరచన కూడా నాటకంలో ఒక భాష అని వారి మొదటి మాట. రంగు, లోతు, ఒక్కసారిగా మారే కాంతి, తెర పడడం, ఇవన్నీ అర్థాన్ని మోస్తాయి. మూడువైపుల వేదిక ఆ భాషలో సగాన్ని పోగొడుతుంది. రెండో మాట ఇంకా పదునైనది. థ్రస్ట్‌లో అందరూ దగ్గరగా ఉన్నా అందరూ ఒకే నాటకం చూడరు. ఒక కీలక క్షణంలో కొందరు ముఖం చూస్తారు, కొందరు వీపు చూస్తారు. ప్రొసీనియంలో చివరి వరుసవాడు దూరం వల్ల నష్టపోతాడు. థ్రస్ట్‌లో పక్క వరుసవాడు దిక్కు వల్ల నష్టపోతాడు. నష్టం పోలేదు, చేతులు మారింది.

వేదిక ఎలా కావాలంటే అలా మారేట్టు కడితే తగువే లేదని మరో పక్షం. న్యూయార్క్‌లో ఈరో సారినెన్, జో మీల్జినర్ కలిసి రూపొందించిన వివియన్ బోమాంట్ నాటకశాల 1965లో ఈ ఆశతోనే తెరుచుకుంది, థ్రస్ట్‌గానూ ప్రొసీనియంగానూ వాడుకోవచ్చని. చాలా ఏళ్లు అది ఎవరికీ కలిసిరాలేదు, మూతపడి ఉన్న కాలాలూ ఉన్నాయి, తప్పంతా కట్టడానిదే అన్నారు. 1980ల నడిమి నుంచి కొత్త యాజమాన్యంలో అదే వేదిక మీద వరసగా మంచి ప్రదర్శనలు వచ్చాయి. రెండింటికీ పనికొచ్చేది దేనికీ పూర్తిగా పనికిరాదన్న నిందకు అది ఉదాహరణగా నిలిచింది. దాన్ని వాడడం తెలిసినవాళ్లు వచ్చాక నింద వీగిపోయిందనడానికీ అదే ఉదాహరణ.

ఈ పక్షాలన్నీ కట్టడం గురించే వాదిస్తుంటే, అసలు కట్టడమే వద్దన్నవారు బెంగాలీ నాటకకర్త బాదల్ సర్కార్ వంటివారు. 1970ల్లో కలకత్తాలో గదుల్లో, మైదానాల్లో ప్రేక్షకుల నడుమ ఆడిన అతని థర్డ్ థియేటర్‌కు వేదిక ఆకారం ముఖ్యం కాదు. టిక్కెట్టు ధర, సామగ్రి బరువు, చీకట్లో దాగిన ప్రేక్షకుడు, ఇవే అతను తీసేయదలచిన గోడలు. ఈ దృష్టితో చూస్తే ఖరీదైన థ్రస్ట్ హాలు కూడా ప్రొసీనియానికి తోబుట్టువే.

నటుడి వీపు

సిద్ధాంతాల కన్నా రిహార్సల్ గదిలో ఈ వేదిక ఎక్కువ నేర్పుతుంది. ప్రొసీనియంలో వేదిక ముందు అంచు మధ్యభాగం అన్నిటికన్నా బలమైన చోటు. థ్రస్ట్‌లో అదే అతి బలహీనం, ఎందుకంటే అక్కడ నిలిచిన నటుడికి సగంమంది వెనకవైపు పడతారు. వెనక గోడకు దగ్గరగా నిలిస్తే అందరికీ ముఖం కనిపిస్తుంది. కాబట్టి ఒక హాలులో పండిన కదలికలను మరో హాలులోకి యథాతథంగా తెస్తే తలకిందులవుతాయి. ప్రొసీనియం అలవాటున్న నాటక బృందం థ్రస్ట్ మీద తడబడితే అది వేదిక లోపమనడానికి లేదు.

ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటే ఇద్దరూ కొందరికి అడ్డమే. మూలకు మూల నిలిస్తే, అంటే ఒకరు సొరంగం నోటి దగ్గర, మరొకరు ఎదురు మూలన ఉంటే, ఎక్కువమందికి ఇద్దరూ కనిపిస్తారు. అలా నిలిచినా ఎక్కువసేపు కదలకుండా ఉంటే ఒక దిక్కు జనం అలిగినట్టు జారగిలబడతారు. కొన్ని మాటలకు ఒకసారి కదలాలి, ఆ కదలికకు పాత్ర నుంచి కారణం దొరకాలి. కారణం దొరకనప్పుడు నటులు గానుగెద్దుల్లా తిరుగుతారు. థ్రస్ట్ ప్రదర్శనల మీద వచ్చే ఫిర్యాదుల్లో ఇది న్యాయమైనది.

సామగ్రి విషయంలో ఒకటే సూత్రం: ఎత్తైనదేదీ ముందు ఉండకూడదు. బీరువాలు, ఎత్తు వీపుల కుర్చీలు, గోడలు వెనక్కి పోవాలి. ప్రేక్షకులు వాలుగా పైనుంచి చూస్తారు కాబట్టి నేలే బొమ్మ తెర అవుతుంది. నేల రంగు, దుస్తుల అల్లిక, చేతిలోని చెంబు, ఇవి దృశ్యరచన భారం మోస్తాయి. పక్క నుంచి వేసిన లైటు ఎదుటి ప్రేక్షకుల కళ్లలో పడుతుంది. అందుకని లైట్లను నిటారుగా పైనుంచి వేస్తారు, అప్పుడు కనుగుంటల్లో నీడలు పడతాయి. ఈ రెంటి నడుమ కోణం పట్టుకోవడమే లైట్లవారి నేర్పు.

అన్నిటికన్నా కష్టమైనది గొంతు. నటుడు అటు తిరిగినప్పుడు అచ్చుల మోత వెనకవారికి అందుతుంది గానీ హల్లుల పదును అందదు. పై స్థాయి ధ్వనులు నోరు తిరిగిన దిక్కుకే ఎక్కువగా పోతాయి. పద్యనాటకానికి ఇది మామూలు చిక్కు కాదు. ప్రాస నిలిచేది రెండో అక్షరపు హల్లు మీద. నటుడు వీపు తిప్పగానే ముందు పోయేది అదే. పాత వీధి భాగవతులు ఒకే చరణాన్ని ఒక్కో దిక్కుకు తిరిగి మళ్లీ మళ్లీ పాడడం వెనక ఈ ఎరుక ఉందని అనుకోవడానికి ఆస్కారముంది. నేటి తెలుగు నాటకం వేలాడే మైకుల కింద నడుస్తోంది. నటుడు మైకు దగ్గరికి వచ్చి ఎదుటికి చూసి మాట్లాడడానికి అలవాటు పడ్డాడు. మూడు వైపుల వేదికకు తెలుగునాట అసలు అడ్డంకి హాళ్లు లేకపోవడం కన్నా ఈ అలవాటే.

ఏ నాటకం నిలుస్తుంది

జనంతో నేరుగా మాట్లాడే నాటకాలకు థ్రస్ట్ సరిపోతుందని, గదిలో జరిగే వాస్తవిక నాటకానికి పనికిరాదని చాలాకాలం అనుకున్నారు. దాన్ని చిచెస్టర్ మొదటి ఏడాదే చెదరగొట్టింది. 1962లో ఒలీవియర్ దర్శకత్వంలో చెహోవ్ 'అంకుల్ వాన్యా' మూడువైపుల వేదిక మీద ఆడి ఆ శతాబ్దపు గొప్ప ప్రదర్శనల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. 1963లో మినియాపోలిస్ తొలి ఏడాది 'హామ్లెట్'తో పాటు 'త్రీ సిస్టర్స్', 'డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్' కూడా ఆడింది. గోడలు లేకపోయినా ఇల్లు ఉన్నట్టు నమ్మించగలిగితే వాస్తవిక నాటకం నిలుస్తుందని తేలింది.

తలుపుల చాటున, మంచాల కింద దాక్కోవడం మీద నడిచే ప్రహసనాల సంగతి వేరు. 'కన్యాశుల్కం'లో మధురవాణి ఇంట మంచం కింద గిరీశం, రామప్పంతులు ఇద్దరూ దూరడం, పూటకూళ్లమ్మ చీపురుతో రావడం గుర్తు చేసుకుంటే చాలు. ప్రొసీనియంలో మంచం అంచు ఒక గోడ, దాగినవారు కనిపించీ కనిపించకుండా ఉంటారు. మూడువైపుల వేదిక మీద వారు అందరికీ కనిపిస్తారు. హాస్యం దెబ్బతింటుందని ఒక వాదం. ఏమీ ఎరగనట్టు పైన నడిచే మాటలను, కింద మూడు దిక్కులా జనం కళ్లెదుట నలుగుతున్న ఇద్దరినీ ఒకేసారి చూడడంలో హాస్యం రెట్టింపవుతుందని మరో వాదం. రెండోదే నిజం కావచ్చు, ఎందుకంటే ఆ సన్నివేశంలో రహస్యం పాత్రలకే గానీ ప్రేక్షకుడికి లేదు.

పద్యనాటకం ఆశ్చర్యకరమైన మిశ్రమం. వెనక రాజప్రాసాదం బొమ్మ తెర, చుట్టూ చట్రం. కానీ 'పాండవోద్యోగ విజయాల' రాయబారంలో కృష్ణుడు పద్యం ఎత్తుకునేది దుర్యోధనుడి ముఖం చూస్తూ కాదు, జనం ముఖం చూస్తూ. వన్స్‌మోర్ అంటే మళ్లీ పాడతాడు. చట్రంలో ఉంటూనే నటుడు ప్రతి పద్యానికీ చట్రం దాటుతున్నాడు. దేహం ప్రొసీనియంలోకి వచ్చినా ప్రాణం వీధినాటకంలోనే ఉండిపోయింది.

భారతదేశంలో, తెలుగునాట

దర్శకుడు ఇబ్రహీం అల్కాజీ 1960ల్లో ఢిల్లీలో పాత కోటల శిథిలాలను రంగస్థలాలుగా చేసి, చట్రం లేకుండా పెద్ద నాటకం ఆడవచ్చని చూపించాడు. 1963లో ఫిరోజ్‌షా కోట్లాలో 'అంధాయుగ్' అందులో పేరుపొందినది. శాశ్వతమైన థ్రస్ట్ వేదికగా దేశంలో ఎక్కువ ప్రభావం చూపినది 1978లో ముంబై జుహులో తెరుచుకున్న పృథ్వీ థియేటర్. సుమారు 200 సీట్లు, మూడు వైపులా, నటుడి చెమట కనిపించేంత దగ్గర. దాని స్ఫూర్తితోనే 2004లో బెంగళూరులో అరుంధతి నాగ్ కృషితో రంగశంకర వచ్చింది, అందులో 320 సీట్లు. ఈ రెండింటి చుట్టూ పెరిగిన నాటకాల భాష, నటన తీరు వేదికకు తగ్గట్టు మారాయి. గొంతు తగ్గింది, సామగ్రి తగ్గింది, కదలిక పెరిగింది.

తెలుగునాట 1961లో తెరిచిన హైదరాబాద్ రవీంద్రభారతి నుంచి విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రం దాకా ప్రధాన నాటకశాలలు ప్రొసీనియం హాళ్లే. చట్రం బయట ఆడే సంప్రదాయం మాత్రం తెగిపోలేదు. ప్రజానాట్యమండలి 1940ల నుంచి ఊళ్లలో, కూడళ్లలో ఆడింది. వీధినాటకాన్ని ఆధునికులకు మళ్లీ చేరువ చేసిన ఎ.ఆర్. కృష్ణ ప్రేక్షకుల చుట్టూ దృశ్యాలు నడిచే పద్ధతిలో 'మాలపల్లి'ని ప్రదర్శించాడు. లేనిది ఈ రెంటి నడిమిది: కప్పు కింద, ప్రతి వారం నాటకం ఆడే, మూడువైపుల చిన్న హాలు. వీధిలో నేర్చినదాన్ని గొంతు తగ్గించి సూక్ష్మంగా చేయడానికి, చట్రంలో నేర్చిన సూక్ష్మతను మూడు దిక్కులకూ పంచడానికి అలాంటి చోటే కావాలి.

తేలని సంగతులు

ఎలిజబెత్ కాలపు వేదిక ఆకారం గురించి తవ్వకం జరిగినప్పుడల్లా జవాబు మారుతోంది. గ్లోబ్ పునాదుల్లో కొద్ది భాగమే బయటపడింది కాబట్టి ఈ ప్రశ్న ఇప్పట్లో మూసుకోదు.

దగ్గరితనం ఎవరికి అన్నది రెండోది. మూడు వైపులా కూర్చోబెడతామంటూనే చాలా థ్రస్ట్ హాళ్లు మధ్య సీట్లకు ఎక్కువ ధర పెడతాయి, దర్శకులు రిహార్సల్‌లో మధ్యనే కూర్చుంటారు. అందువల్ల నాటకం తెలియకుండానే మధ్యకు తిరుగుతుంది. రిహార్సల్ నడుస్తుండగా దర్శకుడు సీటు మార్చుకుంటూ ఉండాలన్న నియమం పుస్తకాల్లో ఉంది, ఆచరణలో ఎంత ఉందో ప్రదర్శన చూస్తే తెలిసిపోతుంది.

కెమెరా మూడోది. నాటకాలను చిత్రీకరించి సినిమా హాళ్లలో, ఫోన్లలో చూపే కాలం వచ్చింది. కటకానికి ఉన్నది ఒకే దిక్కు. మూడువైపుల వేదిక మీద అయిదారు కెమెరాలు పెట్టి దృశ్యాలు కూర్చితే ఎవరికీ వీపు కనపడదు, కానీ ఎదుటి ప్రేక్షకుడి ముఖంతో కలిగే ఎరుకా పోతుంది. దూరం నుంచి చూసేవాడికి థ్రస్ట్ అంటే ఏమిటన్నదానికి ఇంకా సరైన జవాబు రాలేదు.

తెలుగు రంగస్థలానికి సంబంధించినది మరొకటుంది. 1929లో ఆంధ్ర నాటక కళాపరిషత్తు మొదలైనప్పటి నుంచి తెలుగు నాటిక పోటీల మీద బతుకుతోంది. ఒకే రోజు వరసగా పలు నాటికలు, ఒక్కోదానికీ సెట్టు వేసి తీసే హడావుడి, ఎదుట మధ్యలో న్యాయనిర్ణేతలు. నటులు ఆడేది ముఖ్యంగా ఆ కుర్చీల వైపే. మూడువైపుల వేదిక వస్తే సెట్టు హడావుడి చాలావరకు తగ్గుతుంది, ఖర్చు తగ్గుతుంది, చిన్న ఊళ్ల సమాజాలకు ఊపిరి ఆడుతుంది. కానీ ముగ్గురు న్యాయనిర్ణేతలను ఒకేచోట కూర్చోబెడితే వేదిక మళ్లీ ఒకవైపుదే అవుతుంది. మూడు దిక్కులా ఒక్కొక్కరిని కూర్చోబెడితే ముగ్గురూ మూడు ప్రదర్శనలకు మార్కులు వేస్తారు. వారి మార్కులను కలిపి తీసిన సగటు దేన్ని కొలిచినట్టు అన్నది పరిషత్తులు ఇంకా ఎదుర్కోవలసిన ప్రశ్న.